ఖాళీ జాగా అనే ముందు

(సంఘం సాంస్కృతిక సమ్మేళనంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఆటలు చూశాం, పాటలు విన్నాం. ఇంత మంచి సభలో మమ్మల్ని మాట్లాడమంటే హాస్టల్ పిల్లల చదువు గురించో, బాల్య వివాహాల గురించో చెప్తామని మీరు అనుకొని ఉంటారు. ఈసారి మేం ఎంచుకున్న విషయం వేరు. మాస్టర్ ప్లాన్‌లో, జోనింగ్ నిబంధనల్లో ‘పబ్లిక్, సెమీ పబ్లిక్ భూ వినియోగం’ అని ఒక మాట ఉంటుంది. దాని గురించి చెప్తాం. పండగ సభలో భూమి లెక్కలేంటి అని నవ్వుకోకండి. పండగ జరగాలంటే ముందు జాగా ఉండాలి కదా.

మేం ఈ విషయం ఎందుకు పట్టుకున్నామో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందటి మాట. తిరుమలాయపాలెం మండలంలో ఒక తండా. పేరు చెప్పం, పేరు ముఖ్యం కాదు. ఊరి చివర వేప చెట్టు కింద ఏడు రాళ్లు, సీత్లా భవాని జాగా. ఆషాఢంలో ఒక్క పూట అక్కడ సందడి. తండా ఆడవాళ్లంతా గుగ్గిళ్లు, లాప్సి పట్టుకొని వస్తారు, పశువులను ఆ రాళ్ల ముందు నుంచి తోలుతారు. మిగతా ఏడాదంతా అక్కడ మేకలు తప్ప ఎవరూ కనపడరు. చెత్త వేరుచేసే షెడ్డుకు జాగా కావాలని ఆ ఊళ్లో గ్రామసభ పెట్టారు. పక్కనే పని ఉండి మా హాస్టల్ తరఫున మేమూ వెళ్లాం. కాగితాల్లో అది సర్కారు భూమి. ‘అక్కడ ఇప్పుడేముంది?’ అని అడిగారు. ‘ఏం లేదు సార్, ఖాళీ జాగానే’ అన్నారు అక్కడున్నవాళ్లు. మేమూ తలూపాం. రిజిస్టర్‌లో మేమూ సంతకం పెట్టాం.

ఆషాఢం వచ్చింది. గుగ్గిళ్ల గిన్నె నెత్తిన పెట్టుకొని ఒక ముసలి యాడి అక్కడికి పోయేసరికి పునాది తవ్వి ఉంది. రాళ్లు ఒక పక్కకు నెట్టి ఉన్నాయి. ఆమె షెడ్డు కట్టేవాళ్లను ఏమీ అనలేదు. మా హాస్టల్ గేటు దాకా నడిచొచ్చింది. ‘మీరు సదువుకున్నోళ్లు గదా బిడ్డా, మీరు గూడ ఖాళీ అన్నరా?’ అని అడిగింది. మాకు జవాబు రాలేదు. ఈ రోజుకీ రాలేదు.

అక్కడ ఎవరూ మోసం చేయలేదు. అడిగినవాళ్లు పద్ధతి ప్రకారమే అడిగారు. చెప్పినవాళ్లం మనమే. కాగితంలో ‘వినియోగం’ అనే గడి ఒకటి ఉంది, అందులో మన సీత్లాను రాయించాలని మనకు తెలియదు. ఆ గడి సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

జోనింగ్ అంటే ఏమిటి? ఒక ఊరినో, పట్టణాన్నో ముక్కలుగా చేసి, ఏ ముక్కలో ఏ పని జరగాలో ముందే రాసి పెట్టడం. ఇళ్లు ఒక చోట, దుకాణాలు ఒక చోట, ఫ్యాక్టరీలు దూరంగా. ఈ ఆలోచన ప్రపంచంలో మరీ పాతదేం కాదు. అమెరికాలో న్యూయార్క్ నగరం మొత్తానికి 1916లో ఇలాంటి నిబంధనలు పెట్టారు. మన దగ్గర 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసిన తర్వాత, నగరాన్ని పద్ధతిగా కట్టాలని 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇప్పుడు హైదరాబాద్‌కు హెచ్‌ఎండీఏ ఉన్నట్టే ఖమ్మం నగరానికి, చుట్టుపక్కల ఊళ్లకు స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. పట్టణం పెరిగే కొద్దీ మ్యాప్ గీత మన ఊళ్ల వైపు జరుగుతూ ఉంటుంది. ఖమ్మం నుంచి వరంగల్ రోడ్డు మీద బస్సులో వస్తూ కిటికీలోంచి చూడండి, వెంచర్ల జెండాలు ఎక్కడి దాకా వచ్చాయో కనపడుతుంది. భక్త రామదాసు ఎత్తిపోతల 2017 జనవరి 31న మొదలయ్యాక మన మండలం చేలకు నీళ్లు వచ్చాయి. మంచిదే. నీళ్లొచ్చిన భూమి మీద, రోడ్డు పక్క భూమి మీద అందరి కన్నూ పడుతుంది, అదీ నిజమే.

మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో రంగులుంటాయి. సాధారణంగా ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ వేస్తారు. పబ్లిక్, సెమీ పబ్లిక్‌కు ఎరుపు. కేంద్ర ప్రభుత్వం పట్టణ ప్రణాళికల కోసం ఇచ్చిన 2014 మార్గదర్శకాల్లో ఈ ఎరుపును మళ్లీ ఏడు రకాలుగా విడదీశారు. ఒకటి, ప్రభుత్వ కార్యాలయాలు. రెండు, ఇంకా ఏ వినియోగమూ నిర్ణయించని ప్రభుత్వ భూమి. మూడు, విద్య, పరిశోధన. నాలుగు, వైద్యం, ఆరోగ్యం. ఐదు, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన స్థలాలు. ఆరు, నీళ్లు, కరెంటు లాంటి సేవలు. ఏడు, శ్మశానాలు.

ఇప్పుడు మీ తండాను కళ్ల ముందు తెచ్చుకోండి. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల మూడో రకం. సబ్ సెంటర్ నాలుగు. వాటర్ ట్యాంక్ ఆరు. వైకుంఠధామం ఏడు. పంచాయతీ ఆఫీసు ఒకటి. సేవాలాల్ మహరాజ్ గుడి, మేరామ యాడి గద్దె, తీజ్ ఆడే జాగా, సీత్లా రాళ్లు ఐదో రకం. ఐదో రకంలో మన పేరు రాసి లేకపోతే ఆ భూమి ఎక్కడికి పోతుంది? రెండో రకంలోకి. అంటే, ఏ వినియోగమూ నిర్ణయించని ప్రభుత్వ భూమి. మా ముసలి యాడి జాగా పోయింది సరిగ్గా ఈ ఐదుకూ రెండుకూ మధ్యనే.

అప్పుడే గొడవ అంతా తీరిపోలేదు. పబ్లిక్‌కూ సెమీ పబ్లిక్‌కూ తేడా తెలియాలి. మా పిల్లలకు మేం మూడు ప్రశ్నలతో చెప్తాం. భూమి ఎవరిది? నడిపేది ఎవరు? లోపలికి ఎవరు రావచ్చు? మూడింటికీ జవాబు ‘ప్రభుత్వం, ప్రభుత్వం, ఎవరైనా’ అయితే అది పబ్లిక్. సర్కారు దవాఖానా అలాంటిది. భూమి ట్రస్టుదో, సంఘానిదో, నడిపేది కమిటీ అయినా, వచ్చేది జనమే అయితే, అది ఒకరి లాభం కోసం కాకుండా పదిమంది కోసం ఉంటే సెమీ పబ్లిక్. గుడి, మసీదు, చర్చి, సంఘం హాలు, ట్రస్టు నడిపే బడి ఇలాంటివి.

మన హాస్టల్‌నే తీసుకోండి. పిల్లలు పడుకుంటారు, వండుకొని తింటారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ హాస్టళ్లను నివాస భవనాల వర్గంలో పెట్టింది. నిద్రపోయే చోట మంటలంటుకుంటే బయటపడే దారి ఎలా ఉండాలన్నది వాళ్ల లెక్క. అదే హాస్టల్‌ను భూమి ప్లాన్ వేసేవాళ్లు చదువుల కింద చూస్తారు. ఒకే కట్టడం, రెండు పుస్తకాల్లో రెండు పేర్లు. అద్దె భవనంలో నడిచే హాస్టల్ అయితే, నడిపేది సర్కారు, భూమి మాత్రం ప్రైవేటు మనిషిది. యజమాని ఖాళీ చేయమంటే పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకొని ఇంకో భవనం వెతుక్కోవాలి. అది మేం అనుభవించాం. అందుకే నడిపేది ఎవరన్న ప్రశ్న ఒక్కటే చాలదు, భూమి ఎవరి పేరున ఉందో కూడా చూడాలి.

ఈ తేడా ఎంత పెద్దదో భద్రాచలం వైపు వాళ్లకు మాకంటే బాగా తెలుసు. 2014లో పోలవరం కోసం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక భద్రాచలం పట్టణం గోదావరికీ రాష్ట్ర సరిహద్దుకూ మధ్య ఇరుక్కుంది. పట్టణం చెత్త వేయడానికి డంపింగ్ యార్డుకు జాగా లేదు. రామాలయం భూములు వందల ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, ఆ ఊరు ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను వెనక్కి ఇవ్వమని అడగడానికి ఒక పెద్ద కారణం ఈ జాగా కరువే. గుడి సెమీ పబ్లిక్, డంపింగ్ యార్డు పబ్లిక్. రెండింటికీ నేల కావాలి. పేరున్న పుణ్యక్షేత్రానికే ఇంత ఇబ్బంది వస్తే, పేరు లేని మన ఏడు రాళ్లకు ఎవరు దిక్కు? మనమే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. కట్టడం లేకపోతే అది వినియోగం ఎలా అవుతుంది? ములుగు అడవిలో మేడారం చూడండి. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు అక్కడ లక్షల మంది దిగుతారు. 1996లో దాన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు. జాతర కాని రోజుల్లో ఆ పొలాల్లో, జంపన్న వాగు ఒడ్డున నిలబడి చూస్తే చాలాచోట్ల ఖాళీగానే కనపడుతుంది. ఎవరన్నా అక్కడ నిలబడి ఇది ఖాళీ జాగా అంటే మనం ఊరుకుంటామా? వినియోగం అంటే గోడలు కాదు, అక్కడికి మళ్లీ మళ్లీ వచ్చి జనం చేసే పని. తీజ్ తొమ్మిది రోజుల పండగ. మిగతా 356 రోజులు ఆ నేల నిద్రపోతుంది. నిద్రపోయే మనిషిని చచ్చిపోయాడని ఎవరూ రాయరు కదా.

ఇక చట్టాలకు వద్దాం. మీలో కొందరు అడవి పక్క గూడేల వాళ్లు, కొందరు మైదానంలోని తండాల వాళ్లు. ఇద్దరికీ దారులు వేరు. అందుకని మీ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా లేదా అన్నది ముందు తెలుసుకోండి.

అడవి భూమి సంగతి మొదట. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. అదే చట్టంలో 3వ సెక్షన్, 2వ ఉపసెక్షన్ ఉంది. అడవి భూమిలో ప్రజల కోసం 13 రకాల సౌకర్యాలు కట్టుకోవచ్చని అందులో రాశారు. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు, టెలిఫోన్ లైన్లు, చెరువులు, తాగునీటి పైపులు, వాననీటిని నిలిపే కట్టడాలు, చిన్న సాగు కాలువలు, సోలార్ లాంటి ఇంధన వనరులు, వృత్తి శిక్షణ కేంద్రం, రోడ్డు, కమ్యూనిటీ హాలు. షరతులు మూడు. ఒక్కో పనికి హెక్టారు కంటే తక్కువ భూమి, అంటే మన లెక్కలో 2 ఎకరాల 19 గుంటల లోపు. హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ‘ఫారెస్టోళ్లు రోడ్డు వేయనివ్వరు’ అని చేతులు కట్టుకొని కూర్చునే ఊళ్లో ముందు ఈ తీర్మానం రాశారా లేదా అని అడగాలి.

ఇప్పుడు మన పాఠం గుర్తుచేసుకోండి. ఆ 13లో ఉన్నవన్నీ ప్రభుత్వం నడిపే సౌకర్యాలే అయి ఉండాలని చట్టం చెప్పింది. అంటే పబ్లిక్ మాత్రమే. సెమీ పబ్లిక్‌కు అందులో చోటు లేదు. మన దేవర గద్దె లేదు, శ్మశానం లేదు, ఆటస్థలం కూడా లేదు. మరి వాటికి దారి లేదా? ఉంది. అదే చట్టంలో సామూహిక హక్కులున్నాయి. మన పెద్దలు తరతరాలుగా అనుభవిస్తున్న ఆచార హక్కులను గుర్తించమని అడగవచ్చు. వ్యక్తిగత పట్టాకు ఫారం ‘ఎ’, సామూహిక హక్కులకు ఫారం ‘బి’, ఊరి ఉమ్మడి అటవీ వనరుకు ఫారం ‘సి’. మన సాంస్కృతిక వారసత్వాన్ని నాశనం కానీయకుండా చూసుకునే అధికారం 5వ సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1996 పెసా చట్టం కూడా తోడుంటుంది. మన ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఆ చట్టం స్పష్టంగా చెప్తుంది.

ఇవన్నీ కాగితం మాటలేనా అంటారా? ఒడిశాలో నియమగిరి కొండ ఉంది. డోంగ్రియా కోందుల దేవుడి కొండ. అక్కడ బాక్సైట్ తవ్వకాల కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, వాళ్ల మత, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ మీద గుడి గోపురం ఏదీ లేదు. ఉన్నదల్లా జనం నమ్మకం, ఆ నమ్మకాన్ని సభలో నిలబడి నోటితో చెప్పడం.

మైదానం ఊళ్ల సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు చాలా వరకు పంచాయతీలయ్యాయి. మన తండాలో మన రాజ్యం అని ఎంత సంబరపడ్డామో మీకు గుర్తుంది. పంచాయతీ అయ్యాక నర్సరీ కావాలి, వైకుంఠధామం కావాలి, డంపింగ్ యార్డు కావాలి, పల్లె ప్రకృతి వనం కావాలి, క్రీడా ప్రాంగణం కావాలి. ఇవన్నీ మనకు పనికొచ్చేవే. అన్నింటికీ జాగా కావాలి. పెద్ద ఊరి నుంచి విడిపోయిన చిన్న తండాకు ఉన్న సర్కారు భూమి ఎంత? అందుకే కొత్త అవసరం ఏది వచ్చినా పాత ఉమ్మడి జాగా మీదికే వస్తుంది.

గైరాన్, శిఖం, గ్రామకంఠం, పొరంబోకు అనే మాటలు మీ తాతలకు తెలుసు, మీకు తెలియవు. గైరాన్ అంటే పశువుల మేత భూమి. శిఖం చెరువు లోపలి భూమి. గ్రామకంఠం ఊరు కూర్చున్న జాగా. ఇవి మన పాత జోనింగ్ మాటలే అనుకోండి. ఇలాంటి ఉమ్మడి భూముల గురించి 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి కుంటను పూడ్చి ఇళ్లు కట్టుకున్న కేసు అది. ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి ఊరికి అప్పజెప్పే పథకాలు వేయాలని కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అప్పటికే బడో, దవాఖానో ఉంటే దాన్ని మినహాయించవచ్చని కూడా చెప్పింది. చూశారా, అక్కడ కూడా ప్రశ్న ఒకటే, ఈ నేల ఎవరి అవసరానికి వాడుతున్నారని.

మన ఊరి పక్క వెంచర్లు పడుతున్నాయి కదా. అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో 10 శాతం జాగా ఉమ్మడి అవసరాలకు వదిలి పంచాయతీకి అప్పగించాలి. పది ఎకరాల వెంచర్ అంటే ఎకరం. ఆ ఎకరం ఎక్కడుందో మీ ఊళ్లో ఎంతమందికి తెలుసు? దానికి కంచె ఉందా, బోర్డు ఉందా, లేక దాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మారా? చూసి రండి.

మనం అడిగితే వింటారా అని మీరు అడుగుతారు. కామారెడ్డి సంగతి గుర్తు చేసుకోండి. 2022 నవంబరులో అక్కడ ముసాయిదా మాస్టర్ ప్లాన్ పెట్టి, అభ్యంతరాలకు 60 రోజులు గడువిచ్చారు. పంట పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులకు తెలిసింది. గడువులోపల అభ్యంతరాలు రాసిచ్చారు, రోడ్డెక్కారు. 2023 జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్‌ను వద్దని తీర్మానం చేసింది. వాళ్లు గెలిచింది మ్యాప్‌ను చదవగలిగారు కాబట్టి, గడువు దాటక ముందే చదివారు కాబట్టి. మన తండాల్లో ఇంటికొక డిగ్రీ ఉంది ఇప్పుడు. మ్యాప్ చదివేవాళ్లు ఎందరున్నారు?

ఆ ముసలి యాడి వచ్చి వెళ్లాక మా హాస్టల్లో మేమొక పని మొదలుపెట్టాం. మేం టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం, చార్టు, స్కెచ్ పెన్నులు లేకుండా మాకు పాఠం రాదు. ఆరో తరగతి పిల్లలకు ఒక్కో చార్టు ఇచ్చి, ‘మీ తండా గీయండి. అందరూ కలిసి వాడే చోటుకు ఎర్ర రంగు వేయండి’ అన్నాం. మొదటిసారి అందరూ బడి, ట్యాంకు, గుడి వేసి పెన్నులు పెట్టేశారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మను, నాయనమ్మను అడిగి రమ్మన్నాం. తిరిగొచ్చాక చార్టు నిండిపోయింది. తీజ్ బుట్టలు పెట్టే చోటు, గోధుమ నారు నిమజ్జనం చేసే కుంట, హోలీ మంట వేసే చోటు, సీత్లా రాళ్లు, పంచాయితీ కూర్చునే చింత చెట్టు, పురుగుల మందు తాగి చనిపోయినవాళ్లను పూడ్చిన మూల. ఒక పాప బావి దగ్గర చిన్న ఎర్ర చుక్క పెట్టింది. ఏంటమ్మా ఇది అంటే, ‘నాయనమ్మ వాళ్లు ఇక్కడ కూర్చొని ఏడుస్తరు మేడం, ఇంట్ల ఏడిస్తె ఊకోరంట’ అంది. దాన్ని ఏ జోన్‌లో రాయాలో మాకూ తెలియలేదు. ఎర్ర చుక్క మాత్రం అలాగే ఉంచాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేయాల్సింది కూడా ఇదే, కాకపోతే కొంచెం పెద్ద ఎత్తున. ముందు మీ ఊరి ఉమ్మడి జాగాలన్నీ ముసలివాళ్లను వెంటబెట్టుకొని నడిచి చూడండి. ఫోన్‌లో లొకేషన్ పెట్టి ఫొటో తీయండి, పండగ జరిగే రోజు మరీ తప్పక తీయండి, జనంతో నిండినప్పుడు. తర్వాత ఆ జాగా సర్వే నంబరు తెలుసుకోండి, రికార్డులో ఏమని రాసి ఉందో చూడండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ తర్వాత గ్రామసభ. రెండు నెలలకోసారి పెట్టాలని మన పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. అక్కడ మీ జాగాల పట్టిక చదివి తీర్మానం రాయించండి. ‘ఖాళీ స్థలం’ అని కాదు, ‘ఫలానా సర్వే నంబరులో, ఇంత విస్తీర్ణంలో, ఏటా ఆషాఢంలో సీత్లా పూజ జరిగే సామూహిక సాంస్కృతిక స్థలం’ అని రాయించండి. తీర్మానం నకలు తెచ్చుకొని దాచండి. తీర్మానం ఒక్కటే పట్టా అయిపోదు. కానీ రేపు ఎవరైనా ‘అక్కడేముంది?’ అని అడిగితే చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. మాకు ఆ రోజు లేనిది అదే.

గ్రామసభకు ఆడవాళ్లను తీసుకురండి. అటవీ హక్కుల గ్రామసభలో సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి అని నియమమే ఉంది. నియమం ఉందని కాదు, ఏ రాయి ఎక్కడుందో, ఏ రోజు ఎక్కడ దీపం పెట్టాలో తెలిసింది వాళ్లకే. ఆ రోజు మా సభలో ఆ యాడి లేదు. ఉండి ఉంటే ఖాళీ అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

చివరిగా ఒక చేదు మాట. ఉమ్మడి జాగాలు పోయేది బయటివాళ్ల వల్ల మాత్రమే కాదు. గుడి పక్కన పశువుల కొట్టం వేసి, ఆ తర్వాత రేకులు వేసి, ఆ తర్వాత గోడ కట్టుకున్న మనవాళ్లను మనం చూశాం. సంఘం పేరుతో హాలు కట్టి తాళంచెవి ఒక్క ఇంట్లో పెట్టుకున్నవాళ్లనూ చూశాం. మూడో ప్రశ్న గుర్తుందా? లోపలికి ఎవరు రావచ్చు? తాళం ఒక్కరి దగ్గరే ఉన్న హాలు బోర్డు మీద ఏమి రాసి ఉన్నా సెమీ పబ్లిక్ కాదు. యువజన సంఘం కోసం జాగా అడిగే ముందు, అక్కడికి ఆడపిల్లలు సాయంత్రం పూట వచ్చి కూర్చోగలరా, ముసలివాళ్లకు బెంచీ ఉందా, బాత్రూం ఉందా, పక్క గూడెం వాళ్లను రానిస్తామా అని మిమ్మల్ని మీరు అడగండి. పదిమందిదని రాయించుకున్నది పదిమందికీ తెరిచి ఉంచాలి.

హైదరాబాద్‌లో 2022 సెప్టెంబరు 17న సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభించారు. రెండూ బంజారాహిల్స్‌లో ఉన్నాయి. ఒకప్పుడు మనవాళ్లు పశువులతో విడిది చేసిన గుట్టల పేరది. గుట్టల మీద మన పేరు మిగిలింది, నేల మిగలలేదు. మీ తండాకు అలా కాకూడదు.

ఆ యాడి సంగతి చెప్పి ముగిస్తాం. ఆ ఏడు రాళ్లను ఒక రైతు తన చేను గట్టు మీద పెట్టుకున్నాడు. ఇప్పుడు సీత్లా అక్కడే జరుగుతోంది. ఆయన మంచివాడు, వద్దనడు. కానీ అది ఆయన పట్టా భూమి. రేపు ఆయన కొడుకు అమ్ముకుంటే రాళ్లు మళ్లీ లేవాల్సిందే. అందుకే ఈ ఆషాఢానికి ముందు జరిగే గ్రామసభకు మేం మళ్లీ వెళ్తున్నాం. షెడ్డు పక్కన మిగిలిన కొన్ని గుంటలు సీత్లా జాగాగా రాయించమని అడుగుతాం. యాడి నడవలేకపోతోంది, ఆటో మాట్లాడాం. ఈసారి ‘అక్కడేముంది?’ అని అడిగితే జవాబు ఆమే చెప్తుంది.

మీ మీ ఊళ్లలో మీరూ ఒక యాడిని, ఒక తాతను వెంటబెట్టుకొని వెళ్లండి.